స్టాక్‌హోమ్‌లో ఏ ఏరియాలో దిగాలి? అమ్మతో 8 రాత్రులు ఉండి వచ్చాక రాస్తున్నా

పోయిన జూన్‌లో అమ్మని తీసుకుని స్టాక్‌హోమ్ వెళ్లొచ్చా. మొదటి 3 రాత్రులు పాత ఊరు గామ్లా స్తాన్‌లో, తర్వాత 5 రాత్రులు వాసాస్తాన్‌లో ఉన్నాం, మిగతా ఏరియాలు పగలు తిరిగి చూశాం. వెళ్లేముందు నేను చదివినవన్నీ జంటగా వెళ్లేవాళ్లకో ఒక్కళ్లే తిరిగేవాళ్లకో రాసినవే. 66 ఏళ్ల మనిషి, రెండు మోకాళ్లూ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి, ఇలాంటి వాళ్లని తీసుకెళ్తే ఎక్కడ దిగాలి అన్నది ఎవరూ రాయలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మా పెదనాన్న కొడుకు అక్కడే కిస్టాలో ఉంటాడు (రాసేది కిస్టా, అక్కడివాళ్లు పలికేది షిస్టా). ఎరిక్‌సన్ హెడ్డాఫీసు ఉన్న ఏరియా, ఐటీ కంపెనీలన్నీ అటే, మనవాళ్లు బాగానే కనిపిస్తారు. వదిన మా ఇంట్లోనే ఉండండి అని చాలా అడిగింది గానీ వాళ్లది సింగిల్ బెడ్రూమ్ ఫ్లాటు, ఇంట్లో చంటిపిల్ల, ఎందుకులే అమ్మా ఇబ్బంది, రోజూ వచ్చి పోతాం అని హోటలే చూసుకున్నాం.

ముందు ఒక సంగతి. ఈ ఊరు 14 దీవుల మీద ఉంది. మ్యాప్‌లో చూస్తే ఏదైనా పక్కనే అనిపిస్తుంది, 400 మీటర్లే కదా అనుకుంటాం, తీరా వెళ్తే ఆ 400 మీటర్లలో ఒక గుట్ట ఉంటుంది, గుట్టకి మెట్లుంటాయి. మ్యాప్ యాప్‌లో దూరం చూస్తాంగానీ ఎత్తు ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు.

గామ్లా స్తాన్ ఫొటోలు చూస్తే ఎవరికైనా అక్కడే ఉండాలనిపిస్తుంది, నాకూ అదే అయింది. ఎయిర్‌పోర్ట్ నుంచి అర్లాండా ఎక్స్‌ప్రెస్‌లో 20 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌కి వచ్చేశాం, అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టాపు, అంతవరకు వెన్నలా జరిగింది. స్టేషన్ బయటికొచ్చాక మొదలైంది అసలు కష్టం. వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి, రాయికీ రాయికీ మధ్య సందు, ఆ సందులో సూట్‌కేస్ చక్రం దిగబడుతుంది, లాగితే టకటకమని వీధంతా మోగుతుంది, పైగా ఎత్తు. మధ్యలో పెద్ద సూట్‌కేస్ చక్రం ఒకటి ఊడి చేతిలోకి వచ్చేసింది. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, ఒక్కో రాయి చూసుకుంటూ అడుగేసింది. టాక్సీ మాట్లాడుకుందామంటే ఆ సందుల్లోకి చాలా చోట్ల బండి రాదు.

హోటల్ పేరు రాయను గానీ సైట్‌లో లిఫ్ట్ ఉంది అని రాశారు. నిజంగానే ఉంది. కాకపోతే అది మొదలయ్యేది 14 మెట్లెక్కాక! రాతి మెట్లు, మెలి తిరిగి ఉంటాయి, పట్టుకోడానికి ఒక తాడు. రిసెప్షన్‌లో అమ్మాయి పాపం సామాను మోసిపెట్టింది, మర్యాదకి లోటు లేదు, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకి నాలుగుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగాలి కదా. ఆ ఇళ్లు వందల ఏళ్ల నాటివి, ఇష్టం వచ్చినట్టు పగలగొట్టి లిఫ్టులు పెట్టడానికి ఉండదు, అది అర్థం చేసుకోగలను. ఆ 14 మెట్ల సంగతి సైట్‌లో ఒక్క లైను రాసుంటే బుక్ చేసేవాణ్ణి కాదు, అదే నా బాధ. రెండో రోజు సాయంత్రం అమ్మ, నువ్వెళ్లి తిరిగిరా నాన్నా, నేను రూమ్‌లో ఉంటాలే అంది. అంత దూరం తీసుకొచ్చి అమ్మని గదిలో కూర్చోబెట్టడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అలాగని గామ్లా స్తాన్ చూడకుండా రావద్దు. స్టూర్‌టోర్యెట్ అనే చిన్న చౌకు ఉంది, ఎర్రటి పసుపుపచ్చటి ఇళ్లు, పోస్టుకార్డుల మీద చూసేది అదే, 1520లో డెన్మార్క్ రాజు స్వీడన్ పెద్దల్ని వరసగా తలలు నరికించిన చోటు కూడా అదే. మోర్టెన్ ట్రోట్సిగ్ సందు అని ఒకటుంది, సన్నగా ఉన్నచోట వెడల్పు 90 సెంటీమీటర్లే, అందులో 36 మెట్లు. పొద్దున 7 గంటలకి టూరిస్టులు రాకముందు వెళ్తే ఆ సందుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది, నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తిరగడానికి 5కి 5 ఇస్తా, బస చేయడానికి పెద్దవాళ్లతో అయితే 5కి 2, వయసులో ఉండి బ్యాక్‌ప్యాక్‌తో వచ్చే జంట అయితే 4.

మూడో రోజు అన్నయ్య వచ్చి చూసి, ఏంట్రా ఇక్కడ దిగారు, ఓడెన్‌ప్లాన్ దగ్గర చూసుకోవాల్సింది కదా అన్నాడు. మాకు ముందే 3 రాత్రులకే బుకింగ్ ఉంది, మిగతావి వీసా కోసం ఫ్రీ క్యాన్సిలేషన్‌తో పెట్టినవి, వెంటనే మార్చేశా. (షెంగెన్ వీసాకి బుకింగ్‌లు చూపించాలి కాబట్టి క్యాన్సిల్ చేసుకునే రేటుకే పెట్టుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదు.)

ఓడెన్‌ప్లాన్ వాసాస్తాన్‌లో ఉంది. చూడ్డానికి ఏముంది అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక చౌకు, పక్కన గుస్తావ్ వాసా చర్చి, కాస్త ముందుకెళ్తే 1928లో కట్టిన గుండ్రటి సిటీ లైబ్రరీ. టూరిస్టులు తక్కువ, పిల్లల్ని స్కూల్లో దింపేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, కాఫీ షాపు ముందు ఎండలో కూర్చునే ముసలివాళ్లు కనిపిస్తారు. రోడ్లు వెడల్పు, ఫుట్‌పాత్‌లు నున్నగా ఉంటాయి. గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టాపు టీ-సెంట్రాలెన్ (సెంట్రల్ స్టేషన్ దగ్గరి మెట్రో), నాలుగోది గామ్లా స్తాన్, అయిదోది స్లుస్సెన్ (ఫెర్రీ ఎక్కే చోటు). అంటే చూడాల్సినవి చాలావరకు రైలు మారకుండా ఒకే లైన్ మీద అన్నమాట. ఇంకో పెద్ద ప్లస్ ఏంటంటే 2017 నుంచి పెండెల్ రైళ్లు, అంటే మన ఎంఎంటీఎస్ లాంటివి, ఇక్కడ ఆగుతున్నాయి, ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా 40 నిమిషాల్లోపు వచ్చేయొచ్చు. ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌కి అదనంగా ఫీజు తీసుకుంటారు, అయినా అర్లాండా ఎక్స్‌ప్రెస్ కంటే తక్కువే పడుతుంది. ఇంకా తగ్గాలంటే 583 నంబర్ బస్సులో మార్స్టా దాకా వెళ్లి అక్కడ పెండెల్ రైలు ఎక్కితే మామూలు టికెట్టే సరిపోతుంది, టైమ్ పడుతుంది అంతే.

మేం తీసుకున్నది వంటిల్లున్న చిన్న స్టూడియో. లిఫ్ట్ పాతకాలం నాటిది, ఇనప జాలీ తలుపు చేత్తో లాగాలి, ఇద్దరం ఒక సూట్‌కేసు పడతాం, కానీ వీధి నుంచి లిఫ్ట్ దాకా ఒక్క మెట్టు లేదు. అమ్మ చూసిన మొదటి విషయం అదే. రెండో విషయం ఎదురుగా సూపర్ మార్కెట్. అక్కడ ఫిల్‌మ్యోల్క్ అని డబ్బాల్లో అమ్ముతారు, పల్చటి పెరుగు లాంటిది, అమ్మకి అది మజ్జిగన్నంలోకి సరిపోయింది, గట్టి పెరుగు కావాలంటే టర్కిష్ యోగర్ట్ 10 శాతం కొవ్వుది తీసుకోండి, చెంచా నిలబడుతుంది, అచ్చం మన గడ్డపెరుగే. బియ్యం కందిపప్పు దొరికాయి, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ ఉంది, రాత్రి 9 గంటలకి కిటికీలోంచి ఎండ పడుతుంటే అమ్మ పప్పన్నం కలుపుకుని తింటూ ఇప్పుడు బాగుందిరా అంది. మూడు రోజుల తర్వాత ఆ మాట విన్నా.

ఎండ అంటే గుర్తొచ్చింది, జూన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి 10 అవుతుంది, మళ్లీ తెల్లవారుజామున మూడున్నరకే ఉదయిస్తుంది. ఏ ఏరియా అయినా సరే మందపాటి కర్టెన్ ఉందో లేదో అడిగి బుక్ చేయండి. గామ్లా స్తాన్‌లో పల్చటి తెర ఉండి అమ్మ మూడున్నరకే లేచి కూర్చునేది. ఇంకోటి, మిడ్‌సొమ్మర్ పండగ జూన్ 19 నుంచి 25 మధ్య పడే శుక్రవారం, ఊరు ఊరంతా పల్లెలకి వెళ్లిపోతుంది, చాలా షాపులు మూసేస్తారు, ముందురోజే సరుకులు తెచ్చుకోవాలి.

పాత ఊరికి దక్షిణాన ఉన్న పెద్ద దీవి సోదర్‌మాల్మ్ గురించి చెప్పాలి, మేం ఉండలేదు గానీ మూడు రోజులు అటే తిరిగాం. వయసువాళ్లకి, ఫ్రెండ్స్‌తో వెళ్లేవాళ్లకి నా ఓటు దానికే. నీటి ఒడ్డున కొండ అంచు మీద మోంటేలియుస్‌వేగెన్ అని అర కిలోమీటరు నడకదారి ఉంది, అక్కడి నుంచి సిటీ హాల్ గోపురం, నీళ్లు, పాత ఊరు మొత్తం ఒకేసారి కనిపిస్తాయి, టికెట్ లేదు ఏమీ లేదు. మరియాటోర్యెట్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, అమ్మ మెల్లగా వచ్చి బెంచీ మీద గంటసేపు కూర్చుంది. అటువైపు ఇంకో గుట్ట మీద ఫ్యెల్‌గాటన్ వీధిలో హెర్మన్స్ అని వెజ్ బఫే ఉంది, మాంసం వాసన లేకుండా కడుపునిండా తినొచ్చు, శాకాహారులు తప్పక వెళ్లండి. కానీ స్లుస్సెన్ దగ్గర ఏళ్ల తరబడి తవ్వకాలు నడుస్తున్నాయి, మెద్‌బోర్యార్‌ప్లాట్సెన్ చుట్టుపక్కల వీకెండ్ రాత్రుళ్లు బార్ల గోల ఉంటుంది, నిద్ర కావాలనుకునేవాళ్లు మరియాటోర్యెట్ వైపు చూసుకోండి.

సెంట్రల్ స్టేషన్ చుట్టూ ఉన్న నోర్‌మాల్మ్‌లో హోటళ్లు బోలెడు. ఒక్క రాత్రి దిగి పొద్దున్నే రైలో విమానమో ఎక్కాలంటే ఓకే, వారం ఉండడానికి మాత్రం నాకు నచ్చలేదు, షాపులు మూసేశాక వెలవెలబోతుంది. అక్కడ తక్కువ రేటుకి కనిపించే రూముల్లో కొన్నిటికి కిటికీయే ఉండదు, సైట్‌లో చిన్న అక్షరాల్లో రాస్తారు, జాగ్రత్తగా చదవండి. ఓస్టర్‌మాల్మ్ డబ్బున్నవాళ్ల పేట, 1888 నాటి ఎర్ర ఇటుకల ఫుడ్ మార్కెట్ చూడ్డానికి వెళ్లండి, రూమ్ రేట్లు చూసి నేను వెనక్కి తిరిగా.

కుంగ్స్‌హోల్మెన్‌లో ఫ్రిడెమ్స్‌ప్లాన్ మాత్రం గుర్తుపెట్టుకోండి, కిస్టాలో చుట్టాలున్న మనవాళ్లకి అది బాగా పనికొస్తుంది. గ్రీన్ లైన్, బ్లూ లైన్ రెండూ అక్కడ కలుస్తాయి, బ్లూ లైన్‌లో 11 నంబర్ రైలు ఎక్కితే నేరుగా కిస్టా. మేం ఓడెన్‌ప్లాన్ నుంచి రెండు స్టాపులు వచ్చి అక్కడే మారేవాళ్లం. దారిలో సోల్నా సెంట్రుమ్ స్టేషన్ వస్తుంది, గుహలాంటి కప్పంతా ఎర్ర రంగు, కింద పచ్చటి అడవి బొమ్మ, ఒకసారి దిగి చూసి తర్వాతి రైలెక్కండి. కిస్టాలోనే హోటల్ తీసుకుంటే రేటు తగ్గొచ్చు, కానీ మధ్యాహ్నం కాసేపు వచ్చి నడుం వాల్చి మళ్లీ వెళ్లడం కుదరదు, పెద్దవాళ్లతో అది చాలా ముఖ్యం.

డబ్బు సంగతి. స్వీడన్ డబ్బు క్రోనా, మేం వెళ్లినప్పుడు మనకి 8, 9 రూపాయల లెక్క పడింది, వెళ్లేముందు రేటు చూసుకోండి. చాలా చోట్ల క్యాష్ తీసుకోరు, కార్డు ఉండాలి. సింగిల్ టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది, ఎక్కువ తిరిగేవాళ్లకి 72 గంటల పాసో 7 రోజుల పాసో మేలు, స్లుస్సెన్ నుంచి యూర్‌గోర్డెన్ దీవికి వెళ్లే ఫెర్రీకి కూడా అదే పాస్ పనిచేస్తుంది, వాసా మ్యూజియం అటే. 1628లో మొదటిసారి బయల్దేరిన రోజే మునిగి, 1961లో పైకి తీసిన వాసా ఓడ ఉన్నది అందులోనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా 11 నుంచి 2 వరకు దాగెన్స్ లంచ్ అని పెడతారు, సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ కలిపి మేం తిన్నచోట్ల 130 నుంచి 150 క్రోనర్లు అయింది, అదే రాత్రి అయితే చాలా ఎక్కువ. ఓడెన్‌ప్లాన్ చుట్టూ అలాంటివి చాలా ఉన్నాయి, ఒక శాకాహారం వంటకం మేం వెళ్లిన ప్రతిచోటా ఉంది.

చివరి రోజు మాకు మధ్యాహ్నం ఫ్లైటు. గది నుంచి ఓడెన్‌ప్లాన్ స్టేషన్ లిఫ్ట్ దాకా 6 నిమిషాలు పట్టింది, చక్రం ఊడిన సూట్‌కేసు నేను మోశా, అమ్మ తన బ్యాగు తనే లాక్కుంటూ నాకంటే ముందు నడిచింది.