కాలర్ బోన్ కీలు జారితే బిగుతు కట్టు జోలికి పోకండి (కర్నూలు వాళ్ళకు)

బళ్ళారి చౌరస్తా దగ్గర మా తమ్ముడు బైక్ మీంచి పడి భుజానికి దెబ్బ తగిలింది. కాలర్ బోన్ చివర, భుజం మీది కీలు జారిందని ఎక్స్‌రేలో తేలింది. ఆపరేషన్ అంటారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. అప్పుడే ఎముకలకు కట్టు కట్టే ఒక మనిషి సంగతి ఎవరో చెప్పారు. పేరు రాయను, ఇక్కడివాళ్ళకు తెలిసిపోతుంది.

"ఆపరేషన్ లేకుండా ఎముక కూర్చోబెడతా, బుడిపె కూడా కనపడదు, గ్యారంటీ" అని ఎనిమిది వేలు ముందే తీసుకున్నాడు. లేచిన ఎముక మీద గుడ్డ ఉండ పెట్టి, మోచేతి కింది నుంచి పట్టీ లాగి, వేలు దూరనంత బిగించాడు. ఆ రాత్రి మా తమ్ముడికి కంటి మీద కునుకు లేదు. ఆ మనిషికి ఫోన్ చేస్తే "బిగుతుంటేనే కదా ఎముక దిగేది" అన్నాడు.

కట్టు విప్పినప్పుడు ఉండ కింది చర్మం నల్లగా కమిలిపోయి, పొక్కులు చితికి, గుడ్డతో పాటే ఊడొచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. ఎముక మాత్రం లేచిన చోటే ఉంది. ఆ మనిషి పుండు వైపు తిరిగి చూడలేదు. ఫోన్ చూసుకుంటూనే "మీవోడు కదిలించినాడు, నేనేం చేసేది? మళ్ళీ కట్టాల్నంటే ఇంకో మూడు వేలు" అన్నాడు. మా అమ్మ ఏడుస్తుంటే "ఏడిస్తే ఎముక కూర్చుంటుందా" అన్నాడు. నొప్పితో వణుకుతున్న కొడుకు పక్కన నిలబడిన తల్లితో అనాల్సిన మాటేనా అది? ఇప్పుడు డబ్బులు అడిగితే ఫోన్ ఎత్తడం లేదు.

ఆ తర్వాత ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే విషయం అర్థమైంది. ఎముకను పట్టి ఉంచే లిగమెంట్లు తెగితే చేతి బరువుకు భుజమే కిందికి జారుతుందట, అందుకే ఎముక లేచినట్టు కనపడుతుంది. పైనుంచి ఎంత బిగించినా అది నిలబడదు, చర్మం మాత్రం చెడుతుంది. ఈ దెబ్బలో 6 రకాలున్నాయి. 1, 2 రకాలకు ఆపరేషన్ అక్కర్లేదు. 3వ రకానికి కూడా చాలామందికి మామూలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ), ఐస్, నొప్పి మాత్రలు, నొప్పి తగ్గాక ఫిజియోథెరపీ చాలు. 4, 5, 6 రకాలకే సాధారణంగా ఆపరేషన్. బుడిపె మిగిలినా చెయ్యి బాగా పనిచేస్తుందని చెప్పారు. మా వాడిది 3వ రకమే. ఆ స్లింగ్ మందుల షాపులో కొన్ని వందలకే దొరుకుతుంది.

ఏ రకమో ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేదాకా ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. ఇంకొకటి, దెబ్బ కాలర్ బోన్ రెండో చివర, గొంతు కింద రొమ్ము ఎముక దగ్గరి కీలుకు తగిలి ఎముక లోపలికి పోతే ఎవరినీ చెయ్యి వేయనివ్వద్దు. దాని వెనకే శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.