తడిగుడ్డ ఉన్న కిరాణా కొట్టు

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఇంటికి ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక కిరాణా కొట్టు గురించి ఈ సమీక్ష. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి "కిరాణా అండ్ జనరల్" అన్న మాటలే మిగిలాయి కాబట్టి పేరు చెప్పలేను. నేను తూనికలు కొలతల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. ఏ కొట్టుకు వెళ్లినా సరుకు కన్నా ముందు కాటా మీదికి కన్ను పోవడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి వేయించవలసిన ముద్ర ఇక్కడ సరిగానే ఉంది. దానికన్నా నాకు నచ్చింది కాటా పక్కన మేకుకు వేలాడే తడిగుడ్డ.

బెల్లం తూచిన ప్రతిసారీ యజమాని పళ్లెం ఎత్తి, ఆ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, మళ్లీ కాటా మీద పెట్టి, సున్నాలు కనబడిన తరువాతే ఇంకో సరుకు పోస్తారు. చింతపండుకూ ఖర్జూరానికీ ఇదే మర్యాద. కందిపప్పో బియ్యమో తూచినప్పుడు మాత్రం తుడవరు, పళ్లెం వంచి ఒకసారి దులుపుతారంతే. నెలల తరబడి చూసినా నాకు ఇది మనిషి అలవాటుగానే కనబడింది. రిటైరైన తరువాత యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాను అనువాదంలో చదువుతుండగా, బావా బత్రా అనే భాగం అయిదో అధ్యాయంలో ఇదే దృశ్యం ఎదురైంది.

క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన ఆ గ్రంథం టోకు వర్తకుడు తన కొలపాత్రలను 30 రోజులకోసారి శుభ్రం చేయాలంటుంది. చిల్లర దుకాణదారుడైతే కొలపాత్రలను వారానికి రెండుసార్లు, గుండ్లను వారానికోసారి తుడవాలి, త్రాసు పళ్లేన్ని మాత్రం తూచిన ప్రతిసారీ తుడవాలి. వెంటనే రబ్బన్ షిమోన్ బెన్ గమలియేల్ అనే పండితుడు, ఇదంతా తడి సరుకుకే గాని పొడి సరుకుకు అక్కర్లేదని సవరణ చెబుతాడు. బెల్లానికి తుడుపు, కందిపప్పుకు దులుపు! మా కొట్టాయన ఈ అధ్యాయం చదివి ఉండే అవకాశమే లేదు.

మన చర్చిమిత్రులకు బైబిలులోని లేవీయకాండం 19వ అధ్యాయం తెలిసే ఉంటుంది. తూకంలో, కొలతలో అన్యాయం చేయవద్దని ఆజ్ఞాపించి, ఐగుప్తు (ఈజిప్టు) నుంచి మిమ్మల్ని బయటికి తెచ్చిన దేవుడిని నేనే అని ఆ మాట ముగుస్తుంది. అంటే తప్పుడు గుండు వాడినవాడు కొనుగోలుదారుకే కాదు, దేవుడికి కూడా బాకీ పడతాడన్నమాట. మిష్నా మీద పండితుల చర్చలను కూర్చిన తల్మూదులో రవా అనే పండితుడైతే, చనిపోయినవాడిని తీర్పుకు నిలబెట్టినప్పుడు అడిగే మొదటి ప్రశ్న "నీ ఇచ్చిపుచ్చుకోవడాల్లో నమ్మకంగా నడుచుకున్నావా" అనేదేనని అంటాడు. చదువుకోవడానికి వేళ కేటాయించుకున్నావా అన్న ప్రశ్న ఆ తరువాతే వస్తుంది. సీసం, తగరం లాంటి లోహాలతో గుండ్లు చేయరాదు, రాతితోనో గాజుతోనో చేయాలని కూడా ఆ యూదు పండితుల నియమం. ఇనుప గుండ్ల గుంటలో సీసం పోసి దాని మీదే ముద్ర కొట్టిన మా శాఖవాళ్లకు ఇది కాస్త గుచ్చుకుంటుంది.

ఇక మొగ్గు సంగతి. నా చిన్నతనంలో చేతి త్రాసుతో తూచే వర్తకుడు సరుకు వైపు ముల్లు వాలితేగాని సంచిలో పోసేవాడు కాదు, పైన గుప్పెడు కొసరు వేసేవాడు. మిష్నా కూడా మొగ్గు ఇచ్చే ఆచారమున్న ఊళ్లో పళ్లెం బెత్తెడు కిందికి దిగాలని, సరిగ్గా తూచే ఆచారమున్న చోట కొసరు విడిగా కలపాలని చెబుతుంది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మొగ్గు అన్న మాట రాజకీయ వార్తల్లోనే మిగిలింది. ఈ కొట్టులో మాత్రం తెర మీద కిలో పడిన తరువాత వేళ్లతో ఇంకాస్త పప్పు రాలుస్తారు. 1,006 అనో 1,010 అనో చూపించే ఆ అంకె చూడటానికి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ప్లాస్టిక్ కవరు బరువు కూడా ముందే తీసేస్తారు. అట్టపెట్టెతో కలిపి తూచి మిఠాయి ధర కట్టించుకున్న ఇంకొక దుకాణంలో నేను గొడవ పడిన రోజు గుర్తొస్తే, ఈయన మీద గౌరవం మరికాస్త పెరుగుతుంది.

ధరలు బేగంబజారు టోకు దుకాణాల కన్నా కొంచెం ఎక్కువ, అది సహజమే. ఒకసారి జీలకర్ర ధర ఎక్కువనిపించి అడిగితే, "కనుక్కొని రండి సార్, తేడా ఉంటే సాయంత్రంలోపు తీసుకెళ్లండి" అన్నారు. యూదుల చట్టంలోనూ ఇలాంటి గడువే కనబడుతుంది. మామూలు ధరకు ఆరోవంతు మించి మోసపోయిన కొనుగోలుదారు ఆ వస్తువును మరో వర్తకుడికో బంధువుకో చూపించుకునేంత సేపటిలో వెనక్కి ఇవ్వవచ్చు. రబ్బీ తర్ఫోన్ అనే పండితుడు ఈ హద్దును మూడోవంతుకు పెంచితే లొద్ పట్టణ వర్తకులు పండగ చేసుకున్నారట; అయితే వెనక్కి ఇచ్చే గడువు రోజంతా ఉంటుందని ఆయన అనగానే, మాకు పాత నియమమే చాలునని కాళ్లబేరానికి వచ్చారట. వర్తకుల లెక్క ఎక్కడైనా ఒకటే.

లోపం చెప్పకపోతే సమీక్ష ఎందుకు? పప్పుల డబ్బాల్లో పైవరస మెరిసే బద్దలు, లోపల నూక కనబడ్డాయి. పప్పు చెరిగి అమ్మడాన్ని మిష్నా పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు గాని, డబ్బా మూతి దగ్గర మాత్రమే చెరగడం కంటిని దొంగిలించడమేనని అందరూ ఏకమయ్యారు. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఈ మాట బహిరంగంగా రాయాలా అని తటపటాయించాను. మోసాల పద్ధతులు బోధిస్తే దొంగలు నేర్చుకుంటారని, బోధించకపోతే పండితులకు ఏమీ తెలియదనుకుంటారని రబ్బన్ యోహనన్ బెన్ జక్కయ్ అనే పండితుడు కూడా తికమకపడి, చివరికి బోధించాడు. నేను ముందు కొట్టాయనకే చెప్పాను. "పని కుర్రాడు పైన సర్దుతాడు సార్" అన్నారు. వారం తరువాత చూస్తే కందిపప్పు డబ్బా మారింది, మినప్పప్పు డబ్బా మారలేదు.

అదే అధ్యాయాల్లో నాకూ ఒక వాత ఉంది. కొనే ఉద్దేశం లేకుండా "ఇది ఎంత" అని అడగరాదట, మాటతో చేసే అన్యాయం కింద దాన్ని లెక్కగట్టారు. ప్రతి వారం జీడిపప్పు ధర అడిగి, విని, తల ఊపి, పావుకిలో పల్లీలు కట్టించుకునే నేను ఆ రోజు పుస్తకం కాసేపు మూసేశాను.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను, మినప్పప్పు డబ్బాకు ఒకటి తీసేశాను. సాయంత్రం ఆరు తరువాత వెళ్తే తుడవడం, సున్నా చూడటం వల్ల వరుస పావుగంట కదలదు, కాబట్టి ఉదయం వెళ్లడం మేలు. ఫోన్‌లో డబ్బు చెల్లించవచ్చు. ఇంటికి పంపించరు, సంచి మీరే తెచ్చుకోవాలి.