ఏ హెమీ? ఎనిమిదేళ్లలో మూడుసార్లు కట్టిన కిట్ గురించి

ముక్కలు అతికించి కట్టుకునే ఈ ప్లాస్టిక్ బొమ్మకారు కిట్‌ను మొదటిసారి 2016లో కొన్నాను. 1932 ఫోర్డ్ హాట్‌రాడ్, 1/25 స్కేలు, ధర ముప్పై డాలర్ల లోపు. తరువాత మరో రెండు పెట్టెలు తెచ్చి, మొత్తం మూడు బండ్లు కట్టాను. తయారుచేసినవాళ్ల పేరు రాయడం లేదు. తిట్టవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి కనుక పేరు లేకపోవడమే మర్యాద.

బాడీ సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. తలుపుల గీతలు పదునుగా ఉన్నాయి, గ్రిల్ చక్కగా వచ్చింది, కింది చట్రం వంకర లేకుండా కూర్చుంటుంది. ముందు ఇరుసు మాత్రం అగ్గిపుల్ల కన్నా సన్నం. మొదటి బండిలో విరిగింది, మూడో బండిలోనూ విరిగింది. క్రోము పూత మరీ మందం. దాన్ని బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టి తీసేసి, అల్యూమినియం రంగు వేసుకున్నాక గానీ ఆ భాగాలు లోహంలా కనబడలేదు. డెకాల్స్ (బండి మీద అంటించే బొమ్మలు) ఎనిమిదేళ్ల తరువాత కూడా పసుపెక్కలేదు, అది మెచ్చుకోవాలి.

ఇక మిగిలింది ఇంజిన్. ఈ కిట్‌ను మూడుసార్లు కొనిపించింది అదే, నన్ను నాలుగేళ్లు తప్పుదారి పట్టించిందీ అదే.

పెట్టె మీద ‘హెమీ వీ8’ అని మాత్రమే ఉంటుంది. వీ8 అంటే ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉన్న ఇంజిన్, హెమీ అంటే వాటి దహన గదులు అర్ధగోళంలా ఉన్నది. లోపలి కాగితంలో బ్లాకుకు (సిలిండర్లుండే మొండానికి) నారింజ రంగు వేయమని ఉంటుంది. అంతకు మించి ఒక్క అంకె లేదు. నారింజ రంగు, హెమీ అనే మాట రెండూ కలిస్తే ఎవరికైనా తోచేది క్రైస్లర్ కంపెనీ 426. ఇలాంటి అంకెలు ఇంజిన్ సిలిండర్ల మొత్తం ఘనపరిమాణాన్ని క్యూబిక్ అంగుళాల్లో చెబుతాయి. అది 1964 డేటోనా 500 కార్ల పందెంలో రిచర్డ్ పెటీని గెలిపించిన ఇంజిన్, 1966 నుంచి మామూలు కొనుగోలుదారుల కార్లలోకీ వచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. బండి పక్కన ‘క్రైస్లర్ 426’ అని చిన్న అట్టముక్క మీద రాసి అరలో పెట్టాను.

మామూలు కారు కిట్ అయితే ఈ చిక్కు రాదు. బండి పేరూ సంవత్సరమూ తెలిస్తే ఇంజిన్ దాదాపు తెలిసిపోతుంది. హాట్‌రాడ్ దారి వేరు. 1932 ఫోర్డ్‌తో పుట్టింది 221 క్యూబిక్ అంగుళాల, 65 అశ్వశక్తి ఫ్లాట్‌హెడ్ అనే పాత రకం వీ8. దాన్ని పీకి, మరో కంపెనీ ఇంజిన్ పెట్టుకోవడమే హాట్‌రాడ్ సరదా. అంటే ఇంజిన్ ఇల్లరికపు అల్లుడు. ఇల్లు చూసి అతని ఇంటిపేరు చెప్పలేం, అతని ముఖమే చూడాలి.

ఆ ముఖాన్ని నాకన్నా ముందు సరిగ్గా చూసినవాడు మా అబ్బాయి. 2020లో ఇళ్లలో కూర్చున్న రోజుల్లో రెండో కిట్ కడుతున్నాను. స్పార్క్ ప్లగ్ తీగల కోసం సన్నని రాగితీగ కత్తిరిస్తుంటే వాడు పక్కన కూర్చుని, ‘‘నాన్నా, తీగలన్నీ వెనక నుంచి వస్తున్నాయేమిటి? నువ్వు చూసే ఫొటోలో ముందు నుంచి ఉన్నాయి కదా’’ అన్నాడు. ఫొటోలో ఉన్నది నిజమైన 426. దానికి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్ తీగలకు వరసగా కరెంటు పంచే భాగం) ముందువైపు, కుడి పక్కన ఉంటుంది. కిట్‌లో డిస్ట్రిబ్యూటర్ కోసం ఇచ్చిన రంధ్రం బ్లాకు వెనక, గేరుబాక్సు గోడ దగ్గర ఉంది. మొదటి బండిలో నేనే ఆ రంధ్రంలో దాన్ని అతికించాను, అయినా అనుమానం రాలేదు!

వెనక డిస్ట్రిబ్యూటర్ ఉన్న హెమీలంటే 1951లో క్రైస్లర్ ఫైర్‌పవర్‌తో మొదలైన పాత తరం. వాటి పోలిక ఇట్టే తెలుస్తుంది. అర్ధగోళాకారపు దహన గదికి ఇటొక వాల్వు, అటొక వాల్వు ఉంటాయి కనుక ఒక్కో సిలిండర్ హెడ్ మీద రెండేసి రాకర్ కడ్డీలు (వాల్వులను తెరిచే మీటలను మోసేవి) కావాలి. అందుకే వాల్వ్ కవర్ అంత వెడల్పు, దాని నడుమ వరసగా నాలుగు ప్లగ్ రంధ్రాలు. అయితే ఆ తరంలోనూ ఒకటి కాదు, మూడు కుటుంబాలున్నాయి. క్రైస్లర్‌ది ఒకటి, 1952లో వచ్చిన డిసోటోది మరొకటి, 1953లో వచ్చిన డాడ్జ్‌ది ఇంకొకటి. దూరం నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ కొలతలు కలవవు.

ఇక్కడ హెమీ మనకు ఒక ఉపకారం చేస్తుంది. ప్లగ్ రంధ్రాలు వాల్వ్ కవర్ మీదే ఉన్నాయి కనుక, వాటి మధ్య దూరం కొలిస్తే సిలిండర్ల మధ్య దూరం తెలిసినట్టే. నిజమైన ఇంజిన్లలో ఆ దూరం క్రైస్లర్‌కు 4.5625 అంగుళాలు, డిసోటోకు 4.3125, డాడ్జ్‌కు 4.1875. 426కు 4.80. మొదటి రంధ్రం నుంచి నాలుగోదాకా మూడు ఖాళీలు. 1/25కు కుదిస్తే క్రైస్లర్ 13.9 మిల్లీమీటర్లు, డిసోటో 13.1, డాడ్జ్ 12.8, 426 అయితే 14.6. ప్లాస్టిక్ భాగంలో పదో వంతు మిల్లీమీటరు అటూఇటూ అయినా క్రైస్లర్‌ను మిగతావాటి నుంచి విడదీయడానికి ఈ తేడా చాలు. వెర్నియర్ కాలిపర్‌తో ఐదుసార్లు కొలిచాను. 13.8 కన్నా తగ్గలేదు, 14 దాటలేదు.

ఒక్క అనుమానం మిగిలింది. కిట్ నిజంగా 1/25 కాక, చెప్పకుండా 1/24 అయితే? అప్పుడు డిసోటో ఇంజినే 13.7 దగ్గర పడుతుంది, నా లెక్కంతా తలకిందులవుతుంది. 1932 ఫోర్డ్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 106 అంగుళాలు. అది 1/25లో 107.7 మిల్లీమీటర్లు కావాలి, 1/24లో 112.2. చట్రం మీద 107న్నర వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. ఇంజిన్ గుర్తుపట్టాలనుకునేవాళ్లు ఈ కొలతతోనే మొదలుపెట్టండి. నాలా చివర గుర్తు తెచ్చుకుంటే ఒక రాత్రి నిద్ర పోతుంది.

క్రైస్లర్ అని తేలింది. కానీ 331, 354, 392లలో ఏది? మూడింటికీ సిలిండర్ల దూరం ఒకటే. అసలు ఇంజిన్‌ను కళ్లారా చూడాలనిపించింది. మేముండేది డెట్రాయిట్ శివారులో, తెలుగువాళ్లు వీధికి నలుగురున్న పేటలో. ఆబర్న్ హిల్స్‌లోని క్రైస్లర్ మ్యూజియం ఉండి ఉంటే పని సులువయ్యేది గానీ అది 2016లోనే మూతపడింది. మిగిలింది ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద సాగే పాత కార్ల ఊరేగింపు. ఆ ఏడాది కరోనా వల్ల అదీ జరగలేదు. 2021 దాకా ఆగి, జేబులో టేపు పెట్టుకుని వెళ్లాను.

రాయల్ ఓక్ దగ్గర బానెట్ లేని ఒక హాట్‌రాడ్‌లో వెతుకుతున్నది కనబడింది. 1955 న్యూయార్కర్ కారు నుంచి తీసిన 331 అని యజమాని చెప్పాడు. డెబ్బై దాటిన మనిషి. నేను బొమ్మ ఇంజిన్ గురించి చెబితే నవ్వుతాడనుకున్నాను. ఇంజిన్ చల్లారిందా అని చేత్తో తడిమి చూసి, కొలుచుకోమన్నాడు. మొదటి ప్లగ్ నుంచి నాలుగో ప్లగ్‌కు పదమూడు అంగుళాల మీద పదకొండు పదహారో వంతులు. సరిగ్గా నా లెక్కే. తరువాత ఆయన నన్ను వెనక్కి తీసుకువెళ్లి గేరుబాక్సు అతికే చోటు చూపించాడు. 1951 నుంచి 1953 దాకా వచ్చిన 331లలో బ్లాకు వెనక భాగం గంటలా పొడుగ్గా, బ్లాకుతో కలిపే పోతపోసి ఉంటుందట. ఆయనదానికి అది లేదు. నా కిట్‌కూ లేదు.

392 సంగతి తేల్చడానికి మూడో పెట్టె కొన్నాను. 1957, 58లలో క్రైస్లర్ 300సీ, 300డీ లాంటి కార్లలో వచ్చిన 392కు బ్లాకు సుమారు అర అంగుళం ఎత్తు ఎక్కువ. మన స్కేలులో అర మిల్లీమీటరు. బ్లాకు రెండు సగాలను అతికించాక, గరుకు కాగితంతో రుద్దాక ఆ అర మిల్లీమీటరు ఎటు పోయిందో చెప్పలేం. అందుకే జిగురు ముట్టకముందే క్రాంక్ (బ్లాకు అడుగున తిరిగే ఇరుసు) నడిమి నుంచి పైఅంచు దాకా కొలిచాను. తక్కువ ఎత్తు లెక్కకే సరిపోయింది. ఈ ఒక్క కొలత మీద మాత్రం ప్రమాణం చేయను.

331కూ 354కూ తేడా బోరులోనే, అంటే సిలిండర్ వ్యాసంలోనే ఉంది, 3.81 అంగుళాలూ 3.94 అంగుళాలూ. బయటికి కనబడేది కాదు. పిస్టన్లు లేని ప్లాస్టిక్ ముక్కను ఇంకా అడగడానికి ఏమీ లేదు. అట్టముక్క మార్చి ‘క్రైస్లర్ ఫైర్‌పవర్, 331 లేదా 354, 1954 తరువాతిది’ అని రాశాను.

ఇంజిన్ అచ్చు పోసినవాళ్లకు మాత్రం నా నమస్కారం. కాగితం రాసినవాళ్లు అచ్చు చూడలేదేమో గానీ, అచ్చు చెక్కినవాళ్లు అసలు ఇంజిన్‌ను కొలిచే చెక్కారు. లోపాలు లేకపోలేదు. ప్లగ్ రంధ్రాలు గుంటల్లా మాత్రమే ఉన్నాయి, 0.6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మనమే తొలుచుకోవాలి. తీగలు ఏ సిలిండర్‌కు ఏ వరసలో వెళ్లాలో కాగితంలో లేదు. ఆ వరస 1-8-4-3-6-5-7-2. డ్రైవరు వైపున (అమెరికా కార్లలో అది ఎడమ) బేసి అంకెలు, అవతల సరి అంకెలు. నారింజ రంగు విషయంలో మీ ఇష్టం. హాట్‌రాడ్ వాళ్లు ఇంజిన్‌కు నచ్చిన రంగు వేస్తారు, కనుక రంగు చూసి ఇంజిన్‌ను ఎన్నడూ గుర్తుపట్టవద్దు. వుడ్‌వర్డ్‌లో నేను కొలిచినది ముదురు ఎరుపు. మూడో బండికి అదే వేశాను, బానెట్ మాత్రం అతికించలేదు.