పాంటూనా, చదునడుగు పడవా: రెండూ ఏళ్ల తరబడి నడిపాక

ఏది కొనాలని అడిగేవాళ్లని ముందు నేనడిగేది ఒకటే: మీ వెంట ఎంతమంది వస్తారు? ఎక్కువగా ఒక్కరే వెళ్లేవాళ్లయితే పాంటూన్ జోలికి పోకండి.

పాంటూన్ సుఖానికి వంక పెట్టలేం. అల్యూమినియం గొట్టాల మీద పరిచిన డెక్ కాబట్టి నలుగురూ ఒక పక్కకి జరిగినా కాస్త ఒరుగుతుందే తప్ప కంగారు పెట్టదు. పిల్లలూ పెద్దవాళ్లూ ధైర్యంగా అటూ ఇటూ తిరుగుతారు.

దానితో చిక్కంతా గాలితోనే. చుట్టూ రెయిలింగు, పైన పందిరి, అంతా కలిసి తెరచాప కట్టినట్టే. ఔట్‌బోర్డ్ మోటారుకి, అంటే పడవ వెనక బయట తగిలించే మోటారుకి, విడిగా చుక్కాని ఉండదు, ఫ్యాన్ తిరుగుతుంటేనే పడవ మన మాట వింటుంది. ఒడ్డుకి చేరుతూ న్యూట్రల్‌లో పెట్టామా, ఇక గాలిదే రాజ్యం. నేనైతే వీలున్నంతవరకు గాలికి ఎదురుగా, మెల్లగా వస్తాను. ముందు తాడు అందుకోవడానికి ఇంకో మనిషి ఉంటే ప్రాణం హాయి. ఇంకో సంగతి, పెద్ద అల ఎదురైతే భయపడి ఒక్కసారిగా థ్రాటిల్ తగ్గించకూడదు. ముక్కు కిందకి దిగి డెక్ మీదకి నీళ్లొస్తాయి. ముందు కూర్చున్నవాళ్లని వెనక్కి పంపి, కొంచెం వేగం ఉంచే దాటాలి.

చదునడుగు చిన్న పడవకి ఈ గొడవలు తక్కువ. కొన్ని అంగుళాల నీళ్లుంటే చాలు, తుంగలోకి, తామరాకుల మధ్యకి దూరిపోతుంది. మోడల్ పేరులో 1448 అని ఉంటే 14 అడుగుల పొడవు, అడుగున 48 అంగుళాల వెడల్పు అని. 1436 పొడవూ అంతే, వెడల్పే 12 అంగుళాలు తక్కువ. నిలబడి గాలం విసిరేటప్పుడు ఆ తేడా కాళ్లకి బాగా తెలుస్తుంది. అలలు లేస్తే మాత్రం అడుగు దబదబ కొట్టుకుని నడుం పట్టేస్తుంది. పైగా చేతిలోంచి పట్టకారు జారి పడిందంటే ఆ మోతకి చేపలు బెదురుతాయి. నేను లోపల రబ్బరు మ్యాట్ వేశాను.

ఈ చిన్న పడవ అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించిందైతే ఏళ్లు గడిచేకొద్దీ కారడం మామూలే. ట్రెయిలర్ మీదే ఉంచి, అడుగు బిరడా బిగించి, లోపల కొద్దిగా నీళ్లు పోయండి. కింద పడుకుని చూస్తే ఏ రివెట్ దగ్గర చుక్క కడుతుందో కనిపిస్తుంది, అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. రెండింటిలో దేనికీ రాగి కలిసిన పెయింటు వేయొద్దు, అల్యూమినియంని తినేస్తుంది.

పాతది కొంటుంటే పాంటూన్ డెక్ అంతా మడమతో నొక్కుతూ నడవండి. ఎక్కడైనా మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ కుళ్లినట్టే. చిన్న పడవలో మోటారు బిగించే వెనక పలక చూడాలి. మోటారు పట్టుకుని పైకీ కిందకీ ఊపినప్పుడు పలక కూడా కదిలితే ఆ బేరం వదిలేయండి.