షూటింగ్ గేమ్స్ కోసం మొదటి ఆర్కేడ్ స్టిక్ కొనేవాళ్ళు ముందు లివర్ సంగతి చూడండి: సీమిట్సు ఎల్ఎస్-32-01 రివ్యూ

నాలుగు నెలలుగా రోజూ వాడుతున్నా, ఇక రాయొచ్చు అనిపించింది. ఆర్కేడ్ స్టిక్ అంటే పెట్టెలా ఉండే గేమ్ కంట్రోలర్, ఎడమ చేత్తో అటూ ఇటూ వంచే కర్ర ఉంటుంది, దాన్నే లివర్ అంటారు, కుడి చేతికి బటన్లు. సీమిట్సు ఆ లివర్లు చేసే జపాన్ కంపెనీ. షూటింగ్ గేమ్స్ అంటే తుపాకీ పట్టుకుని పరిగెత్తేవి కాదండి, స్క్రీన్ కింద చిన్న విమానం ఉంటుంది, పైనుంచి వందల బుల్లెట్లు వానలా పడుతుంటాయి, వాటి సందుల్లోంచి దూరిపోవాలి, అవి. జపాన్‌లో కేవ్ కంపెనీ వాళ్ళు 1997లో తెచ్చిన దోదోన్‌పాచీ, 2004లో వచ్చిన ముషిహిమేసమా లాంటివి. ముషిహిమేసమా 2015లో స్టీమ్‌లోకి, అంటే కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపులోకి వచ్చింది, నేను ఈ పిచ్చిలో పడింది దాంతోనే.

రెండేళ్ళు మామూలు గేమ్‌ప్యాడ్ మీదే ఆడా. అరగంట దాటితే ఎడమ బొటనవేలు మొద్దుబారిపోయేది, నాలుగో స్టేజి దగ్గర చెయ్యి జారి చచ్చేవాణ్ణి. సరే స్టిక్ కొందాం అనుకుని వెతికితే ఎక్కడ చూసినా ఫైటింగ్ గేమ్స్ ఆడేవాళ్ళ సలహాలే, ఎనిమిది బటన్లు, లైట్లు, పైన బొమ్మలు. అవి చూసి నేనూ ఒక బడ్జెట్ స్టిక్ ఆర్డర్ పెట్టా, కంపెనీ పేరు వద్దులెండి. కేసు గట్టిగానే ఉంది కానీ దాంతో వచ్చిన లివర్ వదులుగా ఊగుతుంది, ఎడమకి ఒక్క చిటికెడు జరగాలనుకుంటే రెండు చిటికెలు జరిగేది. మొదటి వారం నా స్కోర్లు ప్యాడ్ మీద కంటే తక్కువ వచ్చాయి, చాలా బాధేసింది.

అప్పుడు కూర్చుని అసలు విషయం అర్థం చేసుకున్నా. ఈ గేమ్స్‌లో విమానం బొమ్మ ఎంత పెద్దదున్నా, బుల్లెట్ తగిలితే చచ్చే చోటు మధ్యలో కొన్ని పిక్సెల్స్ మాత్రమే, అందుకే సందు ఇరుగ్గా ఉన్నా దూరొచ్చు. కానీ దూరాలంటే లివర్‌ని ఇలా తట్టి అలా వదిలేయాలి, మళ్ళీ తట్టాలి. లివర్ ఎంత దూరం వంగితే లోపల స్విచ్ టక్‌మంటుంది, వదిలాక ఎంత తొందరగా మధ్యలోకి వస్తుంది, ఈ రెండే మన ప్రాణం. చాలా స్టిక్స్‌లో కనిపించే సాన్వా కంపెనీ జేఎల్ఎఫ్ మంచి లివర్, అందులో సందేహం లేదు, స్ప్రింగ్ మెత్తగా ఉంటుంది, చేతిని గుండ్రంగా తిప్పాల్సిన ఫైటింగ్ గేమ్స్‌కి హాయిగా ఉంటుంది. సీమిట్సు ఎల్ఎస్-32 దారి వేరు, స్ప్రింగ్ బిగువు, కొంచెం వంచగానే స్విచ్ పడిపోతుంది, వదలగానే ఠక్కున నిలబడుతుంది. షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్ళు ఎప్పట్నుంచో సీమిట్సు సీమిట్సు అని ఎందుకంటారో చేత్తో పట్టుకున్నాక గానీ నాకు తెలీలేదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, ఎల్ఎస్-32 వేరు, ఎల్ఎస్-32-01 వేరు. చివర 01 ఉన్నదానికి ఐదు పిన్నుల కనెక్టర్ ఉంటుంది, జేఎల్ఎఫ్ కోసం చేసిన వైరు నేరుగా దూరిపోతుంది. 01 లేనిదైతే ఒక్కో స్విచ్‌కి వైర్లు కలుపుకోవాలి, మొదటిసారికి ఆ తలనొప్పి ఎందుకు. దాంతోపాటు ఎస్ఎస్ ప్లేట్ అని, లివర్‌ని కేసుకి బిగించే రేకు అమ్ముతారు, అది కూడా తీసుకోండి, సాన్వా సైజుకి చేసిన కేసుల్లో ఎత్తు సరిగ్గా కుదురుతుంది. రెండూ బయట దేశం నుంచే తెప్పించుకున్నా, కస్టమ్స్ పడింది, షిప్పింగ్ పడింది, అయినా అన్నీ కలిపినా ఖరీదైన స్టిక్ కొనేదానికంటే తక్కువే అయ్యింది.

బిగించడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. లివర్ పైనున్న బంతి తియ్యడానికి కింద షాఫ్ట్, అంటే ఆ కర్ర చివర గాడి ఉంటుంది, అందులో ఫ్లాట్ స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకుని బంతిని తిప్పితే ఊడొస్తుంది. పాత లివర్ స్క్రూలు నాలుగూ తీసి ఒక గిన్నెలో వేసుకున్నా, మంచం కిందకి దొర్లితే ఇక దొరకవు. కొత్తది పెట్టి, బిగించి, కేసు మూసి, గేమ్ పెడితే విమానం పైకంటే కిందకి, ఎడమంటే కుడికి పోతోంది! కంగారుపడి బోర్డు పోయిందేమో అనుకున్నా, తీరా చూస్తే లివర్ తలకిందులుగా బిగించా, అంతే. తీసి సగం చుట్టు తిప్పి పెడితే సరిపోయింది. అందుకే కేసు మూసేముందే ఒకసారి కంప్యూటర్‌కి పెట్టి నాలుగు దిక్కులూ చూసుకోండి.

ఆ కంగారులో లాగుతుంటే ఒక బటన్ వైరు చివరనున్న లగ్, అంటే బటన్ పిన్నుకి తొడిగే చిన్న రేకు ముక్క, వదులైపోయింది. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్తే మొదటి మూడు షాపుల్లో 6.3 ఎంఎంవే చూపించారు, ఈ జపాన్ బటన్లకి 2.8 ఎంఎం కావాలి, చిన్నవి. నాలుగో షాపాయన డబ్బాలన్నీ వెతికి పది తీసిచ్చాడు, "ఇవి ఎవరూ అడగరు బాబూ, దేనికి?" అన్నాడు. ఫోన్‌లో వీడియో చూపిస్తే రెండు నిమిషాలు నిలబడి చూశాడు.

బటన్ల విషయానికొస్తే, మనకి నిజంగా కావాల్సినవి మూడే. షాట్, ఫుల్ ఆటో (పట్టుకుంటే కాల్పులు వాటంతటవే పడతాయి), బాంబు. దోదోన్‌పాచీలో షాట్ బటన్ టకటకా నొక్కితే మామూలు కాల్పులు, నొక్కి పట్టుకుంటే లేజర్, లేజర్ వేస్తున్నంతసేపు విమానం నెమ్మదిగా కదులుతుంది, ఇరుకు సందుల్లో అదే మన ఆయుధం. నేను చూపుడువేలికి షాట్, మధ్యవేలికి ఆటో, బొటనవేలికి బాంబు పెట్టుకున్నా. బాంబు దూరంగా పెట్టిన రోజుల్లో వెయ్యాలి అనుకునేలోపే చచ్చేవాణ్ణి, ఇప్పుడు వేలు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. సాన్వా ఓబీఎస్ఎఫ్-30 బటన్లు చాలా తేలిక, వేలు ఆనిస్తే చాలు పడిపోతాయి, బాంబుకి అది ప్రమాదం. అందుకే ఆ ఒక్కదానికి సీమిట్సు పీఎస్-14-జీ వేశా, ఓ పిసరు గట్టిగా ఉంటుంది. మిగతా ఐదు బటన్లు ఊరికే ఉన్నాయి, ఉండనిచ్చా.

గేటు, అంటే లివర్ ఎంత దూరం వంగాలో ఆపే కింది ప్లేట్, మార్చాలా అని చాలామంది అడుగుతారు. చతురస్రం గేటు తీసి అష్టకోణం వేస్తే మూలలు తగులుతూ తెలుస్తాయి అంటారు, నిజమే, కానీ ఈ లివర్ మీద చెయ్యి కుదిరాక అసలు గేటు అంచు దాకా తోయాల్సిన పనే లేదు, సగంలోనే స్విచ్ పడుతుంది. నేను మార్చలేదు, మార్చాలని కూడా లేదు.

బ్లూటూత్ వద్దు, వైరుతోనే ఆడండి. సెకనుకి 60 ఫ్రేముల్లో ఒక్కోటి దాదాపు 16.7 మిల్లీసెకన్లు, రెండు మూడు ఫ్రేములు ఆలస్యమైతే మీరు తప్పించుకున్నానని అనుకున్న బుల్లెట్ అప్పటికే తగిలి ఉంటుంది. టీవీ మీద ఆడితే గేమ్ మోడ్ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి.

పైన బొమ్మ కోసం డబ్బు పెద్దగా పెట్టలేదు, మా వీధి చివర ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో వినైల్ మీద ప్రింట్ వేయించా, బటన్ల కన్నాలు 30 ఎంఎం కాబట్టి బ్లేడుతో నిదానంగా కోసుకున్నా. దానికంటే పనికొచ్చింది కింద అతికించిన యాంటీ స్లిప్ మ్యాట్, కిచెన్ షెల్ఫుల్లో పరుస్తారే అది. ఒళ్ళో పెట్టుకుంటే ముందు జారిపోయేది, ఇప్పుడు కదలదు. కేసు లోపల ఫోమ్ కూడా పరిచా, ఎందుకంటే ఈ లివర్‌కి చప్పుడెక్కువ, ఖాళీ డబ్బాలో ఇంకా మోగుతుంది. రాత్రి పదకొండుకి అమ్మ లేచొచ్చి "ఏంట్రా ఆ టకటక, పడుకోవా" అంది. ఫోమ్ వేశాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, పక్కన ఎవరైనా పడుకునే గదిలో ఆడేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి.

మొదటి మూడు రోజులు మణికట్టు నొప్పి పుట్టింది, బంతిని పిడికిలితో గట్టిగా పట్టుకోవడం వల్ల. షాఫ్ట్‌ని కిందనుంచి రెండువేళ్ళ మధ్య వదులుగా పట్టుకుంటే పోయింది. పదో రోజుకి ప్యాడ్ స్కోరు దాటా, పోయిన నెల ముషిహిమేసమా ఒరిజినల్ మోడ్ ఒక్క క్రెడిట్‌తో, అంటే మధ్యలో కంటిన్యూ కొట్టకుండా, అయిదు స్టేజీలూ పూర్తి చేశా, చివరి బాస్ పేలినప్పుడు చేతులు వణుకుతున్నాయి, లేచి ఇల్లంతా తిరిగా.

మా తమ్ముడు మాత్రం టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ ఆడతాడు, వాడికి ఈ లివర్ అస్సలు నచ్చలేదు, గట్టిగా ఉంది అన్నయ్యా, చెయ్యి తిరగట్లేదు అన్నాడు. వాడి కోసం ఒక జేఎల్ఎఫ్ కూడా తెప్పించి పెట్టా. కనెక్టర్ ఒకటే కాబట్టి వాడు సెలవులకి వచ్చినప్పుడు పావుగంటలో మార్చేస్తా, వెళ్ళిన రోజు రాత్రే మళ్ళీ నాది పెట్టేసుకుంటా.