అంబాసిడరా, ఇసుజు వీ-క్రాసా? కొనేముందు ఏం చూడాలి

1992 తర్వాతి అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ బానెట్ ఎత్తితే లోపల ఉండేది ఇసుజు ఇంజినే. 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న, వెనక సరుకు తొట్టి ఉండే పికప్ బండి డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌దీ అదే కంపెనీ. వెనక రెండింటికీ కమాన్ పట్టీలే. చుట్టరికం అంతవరకే.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకని పాత బండి చూడబోయినప్పుడు పెయింట్ మెరుపు చూసి మురిసిపోకండి. మ్యాట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్ల (స్ప్రింగులా మెలితిరిగే ఉక్కు కడ్డీల) వెనక కొసలు ఫ్లోర్ కింది క్రాస్ మెంబర్‌కు (అడ్డ దూలానికి) బిగించి ఉంటాయి. బార్ కాస్త దిగి బండి ఒక పక్కకు ఒరిగితే మెకానిక్ సర్దగలడు. ఆ మెంబరే తుప్పు పట్టి, పైన రేకు అతికి వెల్డింగ్ కొట్టి ఉంటే ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

తర్వాత ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఊగడం ఆగితే వీల్ బేరింగ్ అరిగినట్టు, ఆగకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే ఇరుసు, అంటే కింగ్ పిన్. గ్రీజు గన్ ముట్టని బండ్లకు వచ్చే జబ్బిది. సుమారు 1,500 కిలోమీటర్లకోసారి నిపుల్స్‌లో పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. లేకపోతే పిన్ అరిగి స్టీరింగ్ బిగుస్తుంది.

పాత 1489 సీసీ పెట్రోల్ బండికి రోహిణి కార్తెలో మరో తంటా. ఫ్యూయల్ పంప్ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి, వేడికి లోపలి పెట్రోల్ ఆవిరై ట్రాఫిక్‌లో బండి ఆగిపోతుంది. పంప్ మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ అందుకుంటుంది. డ్రైవర్లు డిక్కీలో నీళ్ల సీసా, పాతగుడ్డ పెట్టుకునేది ఊరికే కాదు.

వీ-క్రాస్‌కు ఇవేవీ అక్కర్లేదు. 1.9 లీటర్ డీజిల్, 163 పీఎస్ శక్తి, 360 ఎన్ఎం టార్క్ (లాగే బలం). దుక్కి నేలైనా, తడి ఇసుకైనా 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే తక్కువ గేరులో) పెట్టి నింపాదిగా దాటొచ్చు. అయితే ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, కనుక ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఎక్కువ వేగం గేరు) వేసి మలుపు తిప్పకండి. ముందు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాగి టైర్లూ గేర్లూ అరుగుతాయి. తొట్టి ఖాళీగా ఉంటే గతుకుల్లో వెనక సీటువాళ్లు ఎగిరెగిరి పడతారు. ఈ విషయంలో అంబాసిడర్ వెనక సీటుకే మా ఓటు.

రోజూ రెండు కిలోమీటర్లు బజారుకు వెళ్లొచ్చే పనైతే మటుకు వీ-క్రాస్ వద్దు. పొగ గొట్టంలోని డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) వేడెక్కక మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డులో దాని లైట్ వెలిగిందంటే హైవే మీద ఆపకుండా ఓ ఇరవై నిమిషాలు నడపాలి. పట్టించుకోకపోతే ఇంజిన్ శక్తి తగ్గించుకుంటుంది, ఆపైన షోరూం స్కానరే దిక్కు. పొడవు కూడా 5.3 మీటర్లు, అంబాసిడర్ కంటే దాదాపు మీటరు ఎక్కువ. ముందు ఇంటి గేటు లోపల టేపు పెట్టి కొలవండి.

ఇంట్లో ఒక్క బండే ఉండేట్టయితే, పొలం పని కూడా ఉంటే, వీ-క్రాస్ తీసుకోండి. అంబాసిడర్ రెండో బండిగానే బాగుంటుంది. 2014లో తయారీ ఆగినా, అరిగే సామాన్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతికితే దొరుకుతాయి. కాగితాల దగ్గరే జాగ్రత్త. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఇంజిన్ మార్చిన అంబాసిడర్లు బోలెడు. బ్లాక్ మీది నంబరు ఆర్‌సీతో సరిపోల్చుకున్నాకే బయానా ఇవ్వండి.