ఎవాపరేటర్ మీద ఓపెన్ ఆటోమేషన్: నాలుగేళ్లకు పైగా వాడిన తరువాత

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలోని ఒక మధ్యతరహా బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) కర్మాగారంలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. వ్యర్థజలాలను ఆవిరిచేసే మా నాలుగు ఎఫెక్టుల (వరుసగా ఆవిరిచేసే నాలుగు దశల) ఎవాపరేటర్ 2021 నుంచి ఓపెన్, సాఫ్ట్‌వేర్ ఆధారిత నియంత్రణ మీదే నడుస్తోంది. పి.ఎల్.సి.నీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలర్), దాని కార్డులనూ, దాన్ని ప్రోగ్రాం చేసే సాఫ్ట్‌వేర్‌నూ ఒకే కంపెనీ దగ్గర మూటగా కొనకుండా, ఫ్యాన్ లేని పారిశ్రామిక కంప్యూటర్‌లో లినక్స్ వేసి, నియంత్రణ ప్రోగ్రాంను ఫంక్షన్ బ్లాకులుగా రాసే ఐ.ఇ.సి. 61499 ప్రమాణం పాటించే రన్‌టైమ్‌ను (ఆ ప్రోగ్రాంను నడిపే సాఫ్ట్‌వేర్) నడిపి, ఫీల్డు సిగ్నళ్లను అందించే రిమోట్ ఐ.ఓ. మాడ్యూళ్లను మోడ్‌బస్ టి.సి.పి. అనే నెట్‌వర్క్ పద్ధతితో కలిపాం. ఫీల్డులో కొలతలు పంపే 4-20 మిల్లీయాంప్ ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వులు పాతవే.

మార్చడానికి కారణం ఖర్చు కాదు. పాత కంట్రోలర్ లాజిక్‌కు పాస్‌వర్డ్ ఉండేది. అది పెట్టిన మనిషి ఉద్యోగం మారిపోయాడు. వాక్యూమ్ పంపు టైమరును 30 సెకన్ల నుంచి 45 సెకన్లు చేయాలన్నా హైదరాబాదు నుంచి సర్వీస్ ఇంజినీరు రావాలి, ఆయన వచ్చేదాకా ఆపరేటరు పంపును చేత్తో ఆన్ చేసుకోవాలి. పెద్ద పెద్ద రిఫైనరీలదీ ఇదే బాధ. ఎక్సాన్‌మోబిల్ వంటి వాడకందారుల చొరవతో ప్రమాణాల సంస్థ ది ఓపెన్ గ్రూప్ 2016లో ఓపెన్ ప్రాసెస్ ఆటోమేషన్ ఫోరమ్ ఏర్పాటు చేయడానికి, ఆ ఫోరమ్ 2019లో ఓ-పాస్ అనే ఓపెన్ నియంత్రణ ప్రమాణం తొలి రూపాన్ని తేవడానికి వెనుక ఉన్నది ఈ చిక్కే. మాది అంత పెద్ద వ్యవహారం కాదు, సుమారు 140 సిగ్నళ్లు, అంతే.

61499లో మొదట తడబాటు తెచ్చేది సంఘటనల పద్ధతి. పాత పి.ఎల్.సి. ప్రోగ్రామంతటినీ స్కాన్ మీద స్కాన్ చదువుకుంటూ పోతుంది. ఇక్కడ ప్రతి ఫంక్షన్ బ్లాక్ తన దగ్గరికి ఈవెంట్ వచ్చినప్పుడే పనిచేస్తుంది, అప్పుడే డేటా తీసుకుంటుంది. పాత పి.ఎల్.సి.ల లాడర్ బొమ్మల ప్రోగ్రామింగ్‌కు అలవాటుపడిన మా కుర్రవాడొకడు మూడో ఎఫెక్టు లెవెల్‌కు కొత్త బ్లాకు పెట్టి, డేటా గీత కలిపి, ఈవెంట్ గీత కలపడం మరిచాడు. మంచినీటితో ట్రయల్ వేస్తున్నప్పుడు సైట్ గ్లాసులో నీరు మా కళ్ల ముందే పైకి పాకుతోంది, స్క్రీన్ మీద మాత్రం 42 శాతం దగ్గర అంకె కదలదు. కంపైలర్ ఏ తప్పూ చూపలేదు, ఎందుకంటే దాని లెక్కలో అది తప్పే కాదు. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా నీళ్లతో ట్రయల్ కాకుండా అసలు ఫీడు తెరవనివ్వడం లేదు. ఈ అలవాటు పాత యంత్రం మీద కూడా ఉండవలసిందే. అప్పట్లో లాజిక్ మాకు కనపడేది కాదు కాబట్టి పట్టించుకోలేదని ఒప్పుకోవాలి.

వేగం గురించి అందరూ అడుగుతారు. ఆవిరి, లెవెల్, వాక్యూమ్ లూపులు (కొలిచి సరిదిద్దే నియంత్రణ వలయాలు) మెల్లగా నడిచేవి, వాటికి 100 మిల్లీసెకన్లకు ఒకసారి లెక్క చేస్తే చాలు. మొదట్లో లినక్స్ కెర్నెల్‌కు, పని సమయానికి జరిగేలా చూసే రియల్‌టైమ్ ప్యాచ్ మేమే వేసుకునేవాళ్లం. 2024 నవంబరులో వచ్చిన కెర్నెల్ 6.12తో అది ప్రధాన లినక్స్‌లోనే కలిసిపోవడం వల్ల ఆ పని తప్పింది.

ఏ కంపెనీ సామానైనా పెట్టుకోవచ్చన్న మాట సగం నిజం. ఒక వర్షాకాలం రాత్రి కంప్యూటర్ డిస్కు పోతే, వేరే కంపెనీ పెట్టెలో బ్యాకప్ ఎక్కించి 50 నిమిషాల్లో ప్లాంటు నడిపించాం. వెనకటి కార్డు కోసం మూడు వారాలు ఎదురుచూసిన మాకు అది పండగే. కానీ ఒక ఇన్‌పుట్ మాడ్యూలును వేరే తయారీదారుది పెట్టినప్పుడు విలువలు దాచే రిజిస్టర్ల చిరునామాలు కలవక సగం రోజు పోయింది. ప్రోగ్రాం ఫైలును మరో సంస్థ ఉపకరణంలో తెరిచి చూస్తే గీతలన్నీ వచ్చాయి, వాల్వును ఎంత తెరవాలో లెక్కించడానికి మేము వాడిన పి.ఐ.డి. బ్లాకు మాత్రం ఆ లైబ్రరీలో లేదు. ప్రమాణం బ్లాకు ఆకారాన్ని చెబుతుంది, లోపలి సరుకు ఎవరిది వారిదే.

నన్ను బాగా విసిగించినది గడియారం. గాలివానకు కరెంటు పోయింది, యు.పి.ఎస్. చేతులెత్తేసింది, జనరేటర్ అందుకునేసరికి కంప్యూటర్ మళ్లీ లేచింది గానీ, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోవడంతో అది 2018 జనవరిలో ఉన్నాననుకుంది. ఆపరేటర్ స్క్రీనుకు డేటా పంపే ఓ.పి.సి. యు.ఎ. పద్ధతిలో గుర్తింపు చూపే సర్టిఫికెట్టు ఇంకా అమలులోకే రాలేదని లెక్కేసి ఆపరేటర్ స్క్రీనుతో సంబంధం తెంచుకుంది. లూపులు సవ్యంగానే నడుస్తున్నాయి, కంట్రోల్ రూములో మాత్రం ప్రతి అంకె స్థానంలో గీతలే. షిఫ్టు ఇన్‌చార్జి టార్చి పట్టుకుని గేజీలు చదివి కాగితం మీద రాస్తూ ఉంటే, కారణం పట్టుకోవడానికి నాకు రెండున్నర గంటలు పట్టింది. వెనకైతే ఎవరికో ఒకరికి ఫోను చేసి కేకలేసేవాణ్ణి. ఆ రాత్రి కేకలు వేయడానికి నా పక్కన నేనే ఉన్నాను. ఇప్పుడు కర్మాగారంలోనే టైమ్ సర్వరు ఉంది, బ్యాటరీ మార్పు ఏడాది షట్‌డౌన్ పట్టికలోకి ఎక్కింది, సర్టిఫికెట్ల గడువు తేదీలు ప్యానెల్ తలుపు లోపల అంటించి ఉన్నాయి.

భద్రతా ఇంటర్‌లాకులను (ప్రమాదం రాకముందే యంత్రాన్ని ఆపే ఏర్పాట్లను) ఈ కంప్యూటర్‌కు అప్పగించలేదు. ఆవిరి అధిక పీడనం ట్రిప్ విడిగా రిలేలతో, సొంత స్విచ్చుతో ఉంది, అలాగే ఉంటుంది. కంప్యూటర్ నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో నేరుగా కలపడానికీ ఒప్పుకోలేదు. నివేదికలు కావాలన్నవారికి రోజూ ఒక ఫైలు బయటికి వెళ్తుంది.

లైసెన్సులు, ఏ.ఎం.సి. (వార్షిక నిర్వహణ ఒప్పందం) మీద మిగిలిన డబ్బులో మంచి భాగం స్పేరు పెట్టెకూ, కుర్రవాళ్ల శిక్షణకూ పోయింది. వారిలో ఇద్దరు వేరే కర్మాగారాలకు వెళ్లిపోయారు కూడా. అయినా ఈ వేసవిలో సాల్వెంట్ రికవరీ కాలమ్‌ను కూడా ఇదే పద్ధతిలోకి మార్చమని యాజమాన్యానికి రాసి ఇచ్చాను. ఒక్క షరతు పెట్టాను: లాజిక్ మొత్తం చదివి మార్చగలిగినవాళ్లు షిఫ్టుకు ఒకరు చొప్పున తయారయ్యేదాకా పాత ప్యానెల్‌ను తీయకూడదు.